పిల్లలకు వాదన నేర్పుదాం
(ఉగాది సభలో చేసిన ఉపన్యాసం)



మన సంఘం ఆదివారాలలో నడిపే తెలుగు తరగతిలో పిల్లలు చదవడం, వ్రాయడం నేర్చుకొంటున్నారు. పద్యాలు ఇంపుగా చదువుతున్నారు. చాలా సంతోషం. ఆ తరగతిలో మరొక విద్యకు కూడా చోటివ్వాలని మనవి చేయడానికి నిలుచున్నాను. అది ఎదుటివారిని ఒప్పించేటట్లు వ్రాసే విద్య. ఎదుటివారు వ్రాసినదానిని విడదీసి చూచే విద్య.

ఒడిశాలో స్థిరపడిన మనవంటివారికి ఇది మరీ అవసరం. సంఖ్యాబలం మన పక్షాన ఉండదు. బడిలో తెలుగు తరగతి కావాలన్నా, తెలుగు ఉపాధ్యాయుడు కావాలన్నా, కారణం చూపి, ఒప్పించి తెచ్చుకోవలసిందే. దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు అర్జీ పెట్టుకొనే హక్కును రాజ్యాంగం 350వ అధికరణంలో ఇచ్చింది. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని 1956లో చేర్చిన 350-ఏ అధికరణం చెబుతున్నది. హక్కు కాగితం మీద ఉన్నది. అర్జీ వ్రాయగల చెయ్యి మన ఇంట్లో ఉండాలి గదా!

ఇప్పుడు వ్యాసరచన పేరిట మనం నేర్పేది ఏమిటి? ‘గ్రంథాలయముల వలన లాభములు’ అని శీర్షిక ఇస్తాము. పిల్లవాడు అయిదు లాభాలు వల్లెవేసి వ్రాస్తాడు. అందులో కాదనేవాడు లేడు. కాదనేవాడు లేనిచోట వాదన పుట్టదు.

మన పూర్వులకు ఈ సంగతి తెలుసు. న్యాయశాస్త్రంలో అయిదు అవయవాలు చెప్పారు. కొండమీద నిప్పున్నది — ఇది ప్రతిజ్ఞ. పొగ కనిపిస్తున్నది గనుక — హేతువు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింటిలోవలె — ఉదాహరణం. ఈ కొండమీద అట్టి పొగే ఉన్నది — ఉపనయం. కాబట్టి నిప్పున్నది — నిగమనం. పదేళ్ల పిల్లకైనా బోధపడుతుంది. ‘అది పొగో మంచో ఎట్లా తెలుస్తుంది?’ అని ఆ పిల్ల అడిగిందా, ఆనాటి పాఠం ఫలించినట్లే. అంతేకాదు, శాస్త్రకారులు సిద్ధాంతానికి ముందు పూర్వపక్షం పెట్టేవారు; ఎదుటివాని మాటను ముందుగా చెప్పి, ఆ తరువాతనే జవాబు చెప్పేవారు.

ఇందుకు మనకు దగ్గరి దృష్టాంతం గిడుగు రామమూర్తి పంతులుగారు. ఇక్కడికి ఎంతో దూరం కాని పర్లాకిమిడిలో 1880లో ఉపాధ్యాయులుగా చేరి, మూడు దశాబ్దాలు బోధించారు. వాడుకభాష గ్రామ్యమనీ, పూర్వగ్రంథాల భాషే ప్రమాణమనీ పండితులు వాదించిన రోజులవి. పంతులుగారు ‘వాడుకభాష పిల్లలకు సులభం’ అని మాత్రం చెప్పి ఊరుకోలేదు. ఎదుటివారు మన్నించే పాత గ్రంథాలనే తెరచి, వ్యావహారిక రూపాలు వాటిలో ఎక్కడెక్కడ ఉన్నవో ఎత్తి చూపారు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సమావేశంలో నాలుగు గంటలసేపు ఇట్లే ప్రయోగాలు చూపి, సమావేశాన్ని తమ వాదంవైపు త్రిప్పుకొన్నారు. సాక్ష్యాన్ని ప్రతివాది బీరువాలోనుంచే తీశారన్నమాట.

వాదన వెంటనే నెగ్గకపోవచ్చు. 1914లో గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఆనాడు నెగ్గలేదు. మరుసటి సంవత్సరం ఆయన గతించారు. పత్రం మాత్రం మిగిలింది. నేడు మన పత్రికలు, పాఠాలు వాడుకభాషలోనే నడుస్తున్నవి. ఓడిన వాదనైనా సక్రమంగా వ్రాసిపెడితే తరువాతి తరానికి పనికివస్తుంది.

ఇక తరగతిలో చేయవలసిన పని. ‘మన గ్రంథాలయం రాత్రి 9 గంటల వరకు తెరచి ఉంచాలి’ అని కార్యదర్శిగారికి లేఖ వ్రాయమనండి. ఆయన ఎందుకు కాదంటారో ముందుగా ఆయనే మెచ్చుకొనేటట్లు వ్రాయాలి: కరెంటు ఖర్చు, కాపలా, వచ్చేవారు తక్కువ. తరువాత తమ కారణాలు. ‘ఇది అందరికీ తెలిసినదే’ అన్న వాక్యాన్ని కొట్టివేయించండి. వారం రోజులపాటు, తలుపు మూసిన తరువాత ఎందరు వచ్చి వెనుదిరిగారో లెక్క వ్రాయించండి. లెక్క తమకు వ్యతిరేకంగా తేలితే కోరికనే మార్చుకోవాలి. ఇందులో కష్టమైన పాఠం అదే. చివరకు చేయదగిన పని కోరాలి: ‘ఒక నెల చూడండి, కాపలాకు మేము వంతులు వేసికొంటాము’ అని.

ఇదే కొలతతో సంపాదకీయాన్ని, ఎన్నికల కరపత్రాన్ని, ఫోనులో వచ్చిన సందేశాన్ని విడదీయించండి. ఏమి కోరుతున్నారు? కారణమేమిటి? సాక్ష్యమేది? చెప్పకుండా వదిలినదేమిటి?

ఇట్లా నేర్పితే పిల్లలు ఇంట్లో ఎదురు చెబుతారని కొందరికి శంక. అందులో నిజం లేకపోలేదు. వాదన నేర్చిన బిడ్డ అమ్మానాన్నలనూ కారణం అడుగుతుంది. కాని అలిగి అన్నం మానేసే బిడ్డకంటె కారణం చెప్పి అడిగే బిడ్డతో సంసారం సుఖం గదా!

వచ్చే ఉగాదికి పద్యపఠనంతోపాటు పిల్లలు వ్రాసిన అర్జీలు రెండు మూడు ఈ వేదికమీద చదివించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పెద్దలు చప్పట్లు కొట్టి ఊరుకోకుండా, ఒప్పుకొన్నా కాదన్నా, కారణంతో వాటికి జవాబు వ్రాయాలి.