కంప్యూటర్ తెరవగానే లేచే అపరిచితులు



గౌలిపురాలో మా వీధి తలుపు తడితే ఎవరని అడగనిదే గడియ తీయం. కంప్యూటర్ దగ్గర నేను ఆపాటి జాగ్రత్త పడలేదు. నవంబరులో, లైఫ్ సర్టిఫికెట్ల వేళ, ఒకతను ఫోన్ చేసి పెన్షన్ ఆగిపోతుందని భయపెట్టి ఏదో ప్రోగ్రాం వేయించాడు. అనుమానం వచ్చి ఫోన్ పెట్టేశాను. పీడ వదిలిందనుకున్నాను. మర్నాడు కంప్యూటర్ తెరవగానే గడియారం పక్కన కొత్త బొమ్మ!

మనవరాలు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచింది. 'స్టార్టప్' అన్నచోట 14 పేర్లు. నాకు తెలిసినవి మూడు. అన్నీ తీసేయమన్నాను. "తొందరపడకు తాతయ్యా" అంది. పేరుమీద మౌస్ కుడి బటన్ నొక్కి, ఫైలు ఏ ఫోల్డరులో ఉందో, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం ఎవరిదో చూడాలట. (ఉద్యోగమంతా సంతకాలు సరిచూసినవాణ్ణి, నాకు చెబుతోంది!) వింత పేరున్నది స్పీకర్లకు సంబంధించినదని తేలింది. సాదా పేరున్నదే దూరం నుంచి మన కంప్యూటర్ నడిపేది. దాని సంతకమూ సక్రమమే. కనుక అది మనం కావాలని వేసుకున్నదేనా అని కూడా చూడాలి.

ఇంటర్నెట్ ఆపి, దాన్ని డిసేబుల్ చేసి, తరువాత అన్‌ఇన్‌స్టాల్ చేశాం. డిసేబుల్ చేస్తే భయం లేదు, మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు. సర్వీసులుగా నడిచేవి ఆ జాబితాలో కనపడవు. వాటికి మార్క్ రస్సినోవిచ్ గారి 'ఆటోరన్స్' మైక్రోసాఫ్ట్ సైటులో ఉచితంగా దొరుకుతుంది. బ్యాంకు పాస్‌వర్డు వేరే ఫోన్ నుంచి మార్చాను. డబ్బు పోయినట్టు కనపడితే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి.

టీ తరువాత ఇక్కడే ఉంటాను. మనవరాలూ వచ్చింది. ల్యాప్‌టాప్ తెచ్చినవారు రండి.