పిల్లలకు ఏ నవల ఎప్పుడియ్యాలె?

(గోదావరిఖనిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరో తరగతి పిల్ల బడి లైబ్రరీల 'మాలపల్లి' అడిగితే 'నీ వయసుకు కాదమ్మా' అంటరు. ఏ కొలతతోని? ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైల్ల రాసిన ఈ నవల 1922లో అచ్చయింది. తెల్లోళ్ల సర్కారు దాన్ని నిషేధించింది. అప్పుడు పెద్దలకే వద్దన్నరు, ఇప్పుడు పిల్లలకు.

అందులో చౌదరయ్య చేతుల సంగదాసు చస్తడు. పిల్లలు జడుసుకుంటరట. నిజమే, జడుసుకోవచ్చు. కానీ నాయన బాయి దిగి షిఫ్టు అయిపోయినా ఇంటికి రాకపోతే ఎట్లుంటదో కాలరీ పిల్లలకు తెలువదా? ఊర్ల గ్లాసు వేరే పెట్టిన సంగతి అమ్మమ్మ చెప్పంగ వినలేదా?

మన భయం ఇంకో చోట ఉన్నది. పుస్తకం పేరు పైకి చదవంగనే క్లాసంతా మన పిల్ల దిక్కు మర్రి చూస్తది. అప్పుడు సారు ఏం చేస్తడు? నవల కన్నా ఆ చూపు కష్టం. అందుకే 'మాలపల్లి' అయినా, కళ్యాణరావు 'అంటరాని వసంతం' అయినా మన పిల్లలకే గాదు, పై కులాల పిల్లలకూ ఇయ్యాలె.

మరి ఎప్పుడు? తరగతి నంబరు చూసి కాదు. రెండు పేజీలు చదివించున్రి, సాగితే ఇయ్యున్రి. సాగకపోతే సారు కొంత చదివి వినిపించాలె. సగంల మూసి తెచ్చిస్తే గద్దించొద్దు. 1907లో అంబేడ్కర్ మెట్రిక్ పాసైతే కేలూస్కర్ మాస్టారు తాను రాసిన బుద్ధుని చరిత్ర చేతిల పెట్టిండు.

2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికి లైబ్రరీ ఉండాలన్నది, కథల పుస్తకాలతో సహా. దాని తాళంచెవి ఎవరి దగ్గరున్నదో వచ్చే తల్లిదండ్రుల మీటింగుల ముందుగాల గదే అడుగుదాం.