ఇంటి ఫొటోలు ఇంట్లోనే

బ్యాకప్ ఆన్‌లో ఉంటే, ఫోన్లో తీసిన పాప ఫొటో క్షణాల్లో ఏదో కంపెనీ సర్వర్‌కు చేరిపోతుంది. 2021 జూన్‌లో గూగుల్ ఫొటోస్ ఉచిత అపరిమిత నిల్వను ఆపేసినప్పుడు, షరతులు మన చేతుల్లో ఉండవని చాలామందికి తెలిసొచ్చింది.

దీనికో దారి ఉంది. 2016లో జర్మనీలో ఫ్రాంక్ కార్లిచెక్ బృందం మొదలుపెట్టిన నెక్స్ట్‌క్లౌడ్, ఫైళ్లను సొంత సర్వర్‌లో దాచుకోవడానికి వీలిచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని కోడ్ ఎవరైనా చదవచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు. మూలన పడున్న పాత కంప్యూటర్‌లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, నెక్స్ట్‌క్లౌడ్‌ను ఎక్కించి, ఇంటి వైఫై రౌటర్‌కు కలపండి. ఫోన్లోని నెక్స్ట్‌క్లౌడ్ యాప్ ఫొటోలను ఆ కంప్యూటర్ డిస్కులోకే పంపుతుంది.

కష్టమూ ఉంది. కరెంటు పోతే ఈ ఇంటి సర్వర్ ఆగుతుంది, అప్‌డేట్లు మనమే వేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క డిస్కునే నమ్ముకుంటే అది చెడిన రోజు అన్నీ పోతాయి. అందుకే రెండో కాపీని ఎన్‌క్రిప్ట్ చేసి, అన్నయ్యగారింట్లోనో అత్తగారింట్లోనో దాచండి.