తలగాయము, గుండెలో గాలి

శ్రీకాకుళ తీరపు ఉద్దానమున కొబ్బరిచెట్టు నుండి జారిపడి ఒకడు తల పగిలి మరణించెననుకొందము. శవపంచాయతీకి కూర్చున్న పెద్దలు తలగాయమే కారణమని వ్రాయింతురు. అది అబద్ధము కాదు. కాని గాయమునకును మరణమునకును నడుమ ఒక్కొక్కప్పుడు గాలి వచ్చి చేరును.

చేతి సిర తెగినచో ముడుచుకొనిపోవును. కపాలము లోపలి దళసరి పొరలో నున్న పెద్ద రక్తమార్గములు మాత్రము ఆ పొర బిగువువలన తెగియు నోరు తెరచుకొనియే యుండును. అప్పుడు తల గుండెకంటె ఎత్తున నున్నచో, నెత్తురు వెలికి రావలసిన చోటనే గాలి లోనికి పోయి, గుండె కుడిగదిని చేరి, నెత్తుటితో కలిసి నురుగగును. మన రైతులు మోటారుకు గాలి పట్టిందందురే, అట్టిదే ఇదియు: యంత్రము తిరుగుచుండును, నీరు కదలదు. వేగముగ చొచ్చినచో నూరు మిల్లీలీటర్లకు మించిన గాలి, అనగా హోటలు టీ గ్లాసెడు, ప్రాణము తీయవచ్చును.

జంతువుల సిరలలోనికి గాలినెక్కించినచో చచ్చునని 17వ శతాబ్దముననే ఇటలీలో రెడి అను వైద్యుడు చూపెను. మనిషి విషయమున తెలిసివచ్చినది 1818లో: పారిసున బోషేన్ అను శస్త్రవైద్యుడు తాళములు చేయు యువకునొకని భుజము కంతిని కోయుచుండగా సిర తెగి, బుస్సుమను చప్పుడు వినవచ్చెను, రోగి బ్రతుకలేదు. 1839లో అముస్సా అను శస్త్రవైద్యుడు ఈ విషయముపై ఒక గ్రంథమునే వెలువరించెను.

ఇట్టి గాలిని పట్టియిచ్చునది శవపరీక్షయే. మన దేశమున 1693లోనే మద్రాసున బల్క్‌లీ అను వైద్యుడు, విషప్రయోగమను అనుమానముతో, శవపరీక్ష చేసెను. విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలసినది 1923లో; శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల వైద్యులనేకులు శవపరీక్ష నేర్చినదచటనే.

ఆ విద్యలో ఈ మరణమునకొక విచిత్రనియమము గలదు. గాయము తలకైనను కత్తి మొదట తలను తాకరాదు. కపాలము తెరచిన వైద్యుని చేతనే గాలి సిరలలోనికి పోవచ్చును గదా! కావున ముందు ఎక్స్‌రే తీసి, పిమ్మట రొమ్ము తెరచి, గుండె పైసంచిలో నీరు నింపి, ఆ నీటి అడుగున కుడిగదిని పొడుతురు. బుడగలు లేచినంతనే తీర్పు చెప్పరాదు. మన తీరపు ఉక్కలో శవము త్వరగా చెడును, చెడిన శవము తానే వాయువును పుట్టించును. కావున కుడిగదిలోని వాయువును సూదిగొట్టములోనికి లాగి క్షారము కలిపిన పైరోగలాల్ అను రసాయనముతో కుదిపి చూతురు: గోధుమరంగు తిరిగినచో అది బయటి గాలి, తిరుగకున్నచో శవము కుళ్లి పుట్టినది.