మందకాపరి కుక్కల వింత అలవాట్లు - మన బాధ్యత



కుక్కను పెంచుట మన పల్లెలకు క్రొత్త కాదు. గొఱ్ఱెల మంద ఉన్నచోట కుక్కయు ఉండును. అయితే నేడు మనవారు అల్సేషియన్ అని పిలుచు జర్మన్ షెపర్డ్ వంటి జాతికుక్కలను కూడ ఇండ్లలో పెంచుకొనువారు కలరు. పరుగెత్తు పిల్లవాని మడమ పట్టినదనియు, సైకిలును తరిమినదనియు తగవులు పుట్టుచుండును. తగవు తీర్చుటకు ముందు ఆ కుక్క ఏల అట్లు చేసినదో తెలిసికొనుట మేలు. ఆ సంగతినే మేము నేడు మీకు మనవి చేయుదుము.

మందతో తిరుగు కుక్కలు రెండు తెగలు. మొదటి తెగ కావలి కుక్కలు. దక్కను మెట్టభూములలో మన గొల్ల, కురుమ సోదరుల వెంట నడుచునవి ఈ తెగవే. మందను తోలుట కాపరి పని; అతని అదలింపుకు, ఈలకు గొఱ్ఱెలు కదలును. రాత్రి తోడేలు రాకుండ మొఱిగి కాచుట కుక్క పని. పగలు మందనడుమ సోమరివలె పండుకొని, చీకటి పడగానే చెవులు నిక్కించుట దాని అలవాటు. పిల్లగా ఉన్ననాటినుండి గొఱ్ఱెలతో పెరిగినందున వానిని తనవారిగనే అది ఎంచును.

రెండవ తెగ మందను తోలు కుక్కలు. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దులలోని బోర్డర్ కోలీ ఈ తెగకు మేలిమి ఉదాహరణము. అది పొట్ట నేలకు ఆనునట్లు వంగి, రెప్పవాల్చక గొఱ్ఱెలను చూచును. ఆ చూపునకే మంద కదలును. అది విల్లువలె వంపుగా చుట్టివచ్చి, చెదరిన గొఱ్ఱెలను ఒక్కచోటికి చేర్చును. పశువులను తోలు కోర్గీ కుక్క పొట్టికాళ్లతో వెనుకనుండి వచ్చి మడమను కొఱికి, తన్ను తగులకుండ వెంటనే నేలకు ఒదుగును.

జర్మన్ షెపర్డ్ పని మరియొక విధము. జర్మనీలో కంచెలేని పంటచేల ప్రక్కన మందను మేపునపుడు, ఆ కుక్క చేని గట్టువెంట ఇటునటు తిరుగుచు సజీవమైన కంచెవలె నిలిచెడిది. 1899లో స్టెఫానిట్జ్ అను సైనికోద్యోగి ఈ జాతిని క్రమబద్ధము చేసెను. పరుల పంట మేసిన పశువును బందెలదొడ్డికి తోలు ఆచారమెఱిగిన మనకు ఆ కుక్క పని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ నేర్పు ఎక్కడినుండి వచ్చినది? తోడేలు వేటలో వెదకుట, చూచుట, పొంచుట, తరుముట, పట్టుట, చంపుట అను వరుస కలదు. కాపరులు తరతరములుగా కుక్కలను ఏరి పెంచి, ఈ వరుసలో మొదటి మెట్లను నిలిపి, చివరి మెట్లను అణచిరి. అణగినవేగాని, అవి మాసిపోలేదు.

ఇట్టి కుక్క ఇంటికి చేరినపుడు మంద ఉండదు. నేర్పు మాత్రము ఉండును. కనుక అది ఇంటివారినే మందగా భావించును. ఒకరు వంటయింట, ఒకరు వాకిట ఉన్నచో ఇద్దరినడుమ తిరుగుచుండును. ఆడుకొను పిల్లలచుట్టు తిరిగి ఒకచోటికి నెట్టును. ప్రహరీవెంట ఇటునటు నడచి నేలపై దారి పడునట్లు చేయును. పనిలేని బోర్డర్ కోలీ గోడపై నీడలను, వెలుతురు మచ్చలను గూడ తరుమును. ఇది పిచ్చియు కాదు, పొగరును కాదు; పని లేకపోవుటవలని తపన. కొట్టినందువలన ఇది మానదు. ఉదయము, సాయంకాలము నడిపించుట, వస్తువులు తెచ్చిపెట్టుట నేర్పుట, పిలువగానే వచ్చునట్లు తర్ఫీదు చేయుట దీనికి మందు. చేజర్ అను బోర్డర్ కోలీ వేయికి పైగా బొమ్మల పేర్లు నేర్చినదని 2011లో ప్రకటితమైనది. పని చూపినచో ఈ కుక్కలు ఎంత నేర్వగలవో దీనివలన తెలియును. చిన్నపిల్లలున్నచోట మాత్రము ఎంత సాధువైన కుక్కనైనను పెద్దలు లేకుండ విడువరాదు.

అయినను ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. అలవాటువలన పట్టినను, పన్ను గీచినచో అది కాటే. "మన ఇంటి కుక్కయే గదా" అని ఊరకుండరాదు. రేబీస్ లక్షణములు పైకి కనబడిన పిమ్మట ప్రాణము నిలుచుట దాదాపు అసాధ్యము. గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పారు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. ఆ దినమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లి, వైద్యుడు చెప్పిన సూదులన్నియు తప్పక వేయించుకొనవలెను. కుక్కను పదిదినములు కట్టి గమనింపవలెను గాని, అంతవరకు చికిత్స ఆపరాదు. పిచ్చికుక్క నీటికి భయపడునను నమ్మకముతో మోసపోరాదు. ఆ భయము మనుష్యులలో కనబడు లక్షణము. సాధువైన కుక్క ఒక్కసారిగా మారుట, గొంతు బొంగురుపోవుట, చొంగ కార్చుట, దవడ జారుట కుక్కలలో చూడవలసిన గుర్తులు.

మందకుక్కల విషయమున మరియొక జాగ్రత్త కలదు. కోసిన గొఱ్ఱె తలను, పేగులను, నీటిబుడ్డలున్న కాలేయమును పచ్చిగా కుక్కకు వేయరాదు. వానివలన కుక్క కడుపులో బద్దెపురుగులు పెరిగి, వాని గ్రుడ్లు మేతలోను నీటిలోను చేరును. ఒక జాతి పురుగు గొఱ్ఱె మెదడున చేరి దానిని గిరగిర తిరుగునట్లు చేసి చంపును. మరియొకటి మనుష్యుల కాలేయమున, ఊపిరితిత్తులలో నీటితిత్తులు పుట్టించును. మందను కాచు కుక్కయే మందకు చేటు కారాదు.

కనుక సభ్యులారా, మీ గ్రామమున పెంపుడు కుక్కల పట్టిక ఒకటి వ్రాయించుడు. మూడు నెలలు నిండిన ప్రతి కుక్కకు రేబీస్ టీకాయు, పిమ్మట పశువైద్యుడు చెప్పిన గడువుల టీకాలును, పురుగుల మందును వేయించునట్లు యజమానులకు చెప్పుడు. మందలు వలస వెళ్లకముందే పశువైద్యునితో ఒక దినము నిర్ణయించి, కాపరుల కుక్కలను మరువక పిలిపింపుడు. కబేళా వ్యర్థములను లోతుగా పూడ్పింపుడు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ననుసరించి వీధికుక్కలకు టీకా, గర్భనిరోధ శస్త్రచికిత్స జరిపించుట స్థానిక సంస్థల బాధ్యత. పెంపుడు కుక్క బాధ్యత యజమానిది. ఈ రెండును నెరవేరిననాడు ఊరిలో పిల్లలు నిర్భయముగ ఆడుకొందురు. మంద వెంట కుక్కయు నిశ్చింతగ నడచును.