పగ్గము గల రక్షక కణములు

టి-కణములు మన రక్తములోని కావలిభటులు. రోగి రక్తమునుండి వానిని తీసి, క్యాన్సరును గుర్తించు గ్రాహకమను ప్రోటీనును తయారుచేయునట్లు మలచి, మరల ఎక్కించు చికిత్సకు 2017లో అమెరికాలో అనుమతి లభించినది. కొన్ని రక్తక్యాన్సర్లు దీనికి లొంగినవి. చిక్కు అచటనే యున్నది. మాత్ర మ్రింగినచో కొంతసేపటికి దాని ప్రభావము తరుగును. ఈ కణములో, లోపల పెరుగుచునే పోవును. పోరు మితిమీరెనా, తీవ్రజ్వరము వచ్చును, రక్తపుపోటు పడిపోవును. ఒక్కొకప్పుడు ప్రాణమునకే ముప్పు.

2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెండెల్ లిమ్ బృందమువారు ఆ గ్రాహకమును రెండు ముక్కలు చేసిరి. ఒక చిన్న మందు అణువు వచ్చి కలిపిననే అవి జతగూడును; మందు లేనిచో శత్రువు ఎదుట నిలిచినను కణము కదలదు. మోతాదును బట్టి పోరును హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. పగ్గము వైద్యుని చేతికి వచ్చినదన్నమాట! ఎలుకలలో ఇది పనిచేసినది. అయితే వారు వాడిన అణువు శరీరములో ఎక్కువసేపు నిలువదు. రోగులకు తగిన మందు వేరొకటి కావలసియుండెను.