మృగములు లేని సర్కసు
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాసము)



విరటుని కొలువున భీమసేనుడు వలలుడను పేర వంటవాడై యుండి, జీమూతుడను మల్లుని గూల్చెను. విరటుడు సంతసించి, అంతఃపుర స్త్రీల వినోదార్థము అతనిని సింహ శార్దూలములతో బోరించెను. అందఱును నవ్విరి, ద్రౌపది యొక్కతె దుఃఖించెను. వినోదమునకు వెల చెల్లించువా రెవరను ప్రశ్న నాడే పుట్టినది.

ఆధునిక సర్కసునకు ఆద్యుడు ఫిలిప్ ఆస్ట్లీ. అతడు 1768లో లండను నగరమున గుఱ్ఱపు విన్యాసములు ప్రారంభించెను. గుఱ్ఱము గుండ్రముగా పరుగిడునపుడు దాని వీపుపై నిలిచినవాడు లోపలికి వాలి నిలదొక్కుకొనవలెను. అందులకు 42 అడుగుల వ్యాసము అనుకూలమని తేలినది. దేశదేశముల డేరాలు ఆ కొలతనే యనుసరించినవి. అనగా రింగు కొలత గుఱ్ఱమును బట్టి యేర్పడినదే గాని మనుష్యుని బట్టి గాదు.

మన దేశమున 1998లో కేంద్ర ప్రభుత్వము ఎలుగుబంటి, కోతి, పెద్దపులి, చిఱుత, సింహములను ఆటలకు వినియోగించుట నిషేధించెను. 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. బాలలను సర్కసులలో నియమించుట మాన్పవలెనని 2011లో ఆ న్యాయస్థానమే ఆదేశించెను. ఇవి ధర్మసమ్మతములే. కాని డేరా కట్టు కూలికి, విదూషకునకు, ఊయలపై ప్రాణమొడ్డు యువతికి జీవనోపాధి యేది? ఈ లెక్క యింకను తేలలేదు.

హైదరాబాదు పాతనగరమున మీర్ ఆలం చెఱువు చెంత 1963లో వెలసిన నెహ్రూ జంతుప్రదర్శనశాలను చూడుడు. అచ్చట సింహమునకును ప్రేక్షకునకును నడుమ నున్నది కందకము. సింహము నిప్పుల చక్రమున దుమకదు, చెట్టునీడ బరుండును. అయినను జనులు టిక్కెట్టు కొని చూచుచునే యున్నారు. మృగమును చూచుటకు దానిని కొట్టి యాడింప నక్కఱలేదు.

ఇక సర్కసునకు మిగులునది మనుష్యుడు. అది కొఱత గాదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు ఉక్కు గొలుసులు త్రెంచి, మోటారు కార్లను కదలనీయక నిలిపి, కలియుగ భీముడని కీర్తి గాంచెను. జనులు మెచ్చినది ఆయన దేహబలమును, సాధనను. 1985కు నూఱేండ్లు ముందు, అనగా 1885లో, కడప మండలమున పుట్టిన సురభి నాటక సమాజమువారు తీగెలతో, తెరలతో, దీపములతో రంగస్థలముపై మాయలు చూపిరి. కెనడాలో 1984లో నెలకొన్న సర్క్ ద్యు సొలేయ్ సంస్థ కథ, సంగీతము, దీపకాంతులతోనే ప్రపంచమును మెప్పించినది. ఆ విద్య మనకు పరాయిది గాదు. గుఱ్ఱము లేనిచో రింగు కొలతయు మార్చుకొనవచ్చును. సురభి యంత్రవిద్యయు, మల్లుల సాధనయు ఒకే డేరాలో కలియవచ్చును.

సర్కసు వచ్చినపుడు “పులి యున్నదా?” యని యడుగుట మాని, “క్రొత్త విద్య యేమున్నది?” యని యడుగుడు; టిక్కెట్టు కొని చూడుడు. నాడు ద్రౌపదియు నవ్వగల వినోదము మనకు లభించును.

స్వస్తి.